ముందు కైఫీయతు, ఆ తర్వాతే కోచింగ్

‘మావాడు బీఏ హిస్టరీలో చేరాడు సార్. ఇప్పట్నుంచే గ్రూప్స్ కోచింగ్‌లో వేసేస్తే మూడేళ్లూ వృథా కావు కదా?’ వారానికి ఒక్కరైనా ఈ మాట అడుగుతారు. కొందరైతే అడ్వాన్స్ కట్టేసి మరీ వస్తారు. పక్కన కూర్చున్న పిల్లవాడు నోరు విప్పడు.

అసలు అలా చేస్తేనే ఆ మూడేళ్లూ వృథా అవుతాయి. బిట్లు డిగ్రీ అయ్యాక కూడా చదువుకోవచ్చు. ఆధారాన్ని వెతికి పట్టుకోవడం, దాన్ని అనుమానిస్తూ చదవడం మాత్రం ఈ వయసులోనే అలవడాలి. పరిశోధన, ఆర్కైవ్స్, మ్యూజియం, జర్నలిజం... ఎటు వెళ్లినా అన్నం పెట్టేది ఆ అలవాటే.

ఒక ఉదాహరణ. మోటుపల్లి అభయ శాసనం ఎవరిది? కాకతీయ గణపతిదేవుడిది, 1244. గైడు అక్కడితో ఆగిపోతుంది. ఎపిగ్రాఫియా ఇండికాలో ఆ శాసనం పాఠం తెరవండి. తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును పాత రాజులు ఊడ్చుకుపోయేవారని, తాను సుంకం తప్ప మరేమీ తీసుకోనని రాజు అందులో చెబుతాడు. ముప్పయ్యో వంతు సుంకం, చందనం, కర్పూరం, ముత్యాలు కూడా కనిపిస్తాయి. వ్యాపారులకు అంతగా భరోసా ఇవ్వాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఆ ప్రశ్న పుట్టిన చోట పరిశోధన మొదలైనట్టే.

తర్వాత మీ ఊరికి రండి. కావలి సోదరుల వంటి సహాయకులతో కంపెనీ సర్వేయరు మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులు, అంటే కరణాలు చెప్పిన ఊళ్ల చరిత్రలు, చెన్నై ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. కొన్ని జిల్లాలవి అచ్చులోనూ దొరుకుతాయి. అయితే కరణం చెప్పిందల్లా నిజమనుకోకండి. మిరాశీ, ఇనాం హక్కులున్నవాడు తన వంశాన్ని కాస్త పొగుడుకోడా? శాసనంతో సరిచూడండి.

కోస్తా, రాయలసీమల కంపెనీ కాలపు రికార్డులకు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, నిజాం కాలానికి తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్, పాత పత్రికలకు వేటపాలెం సారస్వత నికేతనం. ఐడీ కార్డు, కాలేజీ లేఖ వెంట ఉంచుకోండి. ఇంగ్లిష్ సూచికల్లో కాకినాడను కొకనాడ అని, ఏలూరును ఎల్లోర్ అని, బందరును మసూలిపటం అని వెతకాలి. శక సంవత్సరానికి 78, ఫసలీకి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తు శకం వస్తుంది. రాసుకున్న ప్రతి ముక్క పక్కనా సంపుటం, పేజీ, ఫైలు నంబరు అప్పుడే వేసుకోండి. ఇంటికెళ్లి వేద్దామనుకుంటే అంతే సంగతులు. ఇల్లు కదలకుండా చూడాలంటే జాతీయ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ పోర్టల్ ఉంది. శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో థీసిస్ దొరికితే ముందు చివరి పేజీల్లోని ఆధారాల పట్టిక చదవండి.

ఇక జేబుకు చిల్లు పెట్టే దారులు. డబ్బిస్తే ప్రాజెక్టు రాసిపెడతామనేవారు, ఫీజు కడితే వారంలో వ్యాసం అచ్చేస్తామనే జర్నళ్లు వీధికొకటి ఉన్నాయి. వైవాలో ఒక్క ఫుట్‌నోట్ గురించి అడిగితే ఆ ప్రాజెక్టు కుప్పకూలుతుంది. చాట్‌బాట్‌లు లేని పుస్తకానికి కూడా పేజీ నంబరు ఇచ్చేస్తాయి. కంటితో చూడని ఆధారాన్ని రాయకండి.

అర్హతల సంగతి ఒక్క ముక్క: పీజీతో యూజీసీ నెట్ రాయొచ్చు, జేఆర్ఎఫ్ వస్తే మొదట నెలకు 37,000 రూపాయలు.

కోచింగ్‌కు దాచిన సొమ్ములో కొంత ఉర్దూ నేర్చుకోవడానికో, పాత తెలుగు లిపి చదవడానికో పెట్టమంటాను. తార్నాక ఫైళ్ల ముందు కూర్చున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ వేసవికి బస్సు చార్జీ, భోజనం ఖర్చు ఇచ్చి పిల్లల్ని ఒక వారం ఆర్కైవ్స్‌కు పంపండి. తిరిగొచ్చి ఏం చూశారో చెబుతుంటే మధ్యలో ‘ఇది పరీక్షలో వస్తుందా?’ అని మాత్రం అడక్కండి.