ఇంటి కుక్కను ప్రేమగా చూద్దాం, దాని గాటును తేలిగ్గా తీసుకోవద్దు

బందరులో వీధి అరుగు దగ్గర, గుడివాడ వైపు చేపల చెరువు గట్టు మీద, దివిసీమలో కళ్ళం కాపలాకు... ఎక్కడ చూసినా ఒక కుక్క ఉంటుంది. దానికొక పేరుంటుంది. ఇంట్లో వాళ్ళు తిన్నాక దానికీ ఒక ముద్ద పెడతారు. పిల్లలకైతే అది ఆట తోడు. ఇంతగా మనతో కలిసిపోయిన ఈ ప్రాణిని ఎలా చూసుకోవాలో, దానివల్ల మన ఇంటికి ఏ ప్రమాదమూ రాకుండా ఏం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందుగా కొన్ని వింతలు

* మనిషి ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 60 లక్షలు. కొన్ని జాతుల కుక్కలలో ఇవి 30 కోట్ల వరకు ఉంటాయి. పోలీసులు జాగిలాలను వెంట తీసుకెళ్ళేది అందుకే.
* మన వేలిముద్రల లాగే ఏ కుక్క ముక్కు మీది గీతలు ఆ కుక్కవే. ఒకదానివి మరొకదానికి ఉండవు.
* కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల కింద మెత్తలలోనే కొద్దిగా పడుతుంది. అందుకే నాలుక బయట పెట్టి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటుంది.
* కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. పట్టుకుంటే వెచ్చగా ఉందని జ్వరం అనుకోనవసరం లేదు.
* కుక్క సుమారు 63 రోజులు చూలుతో ఉంటుంది. పిల్లలు కళ్ళు తెరవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది.
* భూమి చుట్టూ తిరిగిన మొదటి ప్రాణి లైకా అనే కుక్క. 1957 నవంబరు 3న రష్యా వాళ్ళు దానిని అంతరిక్షంలోకి పంపారు. పాపం, అది ప్రాణాలతో తిరిగి రాలేదు.

రోజువారీ సంరక్షణ

తిండి: అన్నం, పెరుగు, ఉడికించిన గుడ్డు, మసాలా లేని మాంసం పెట్టవచ్చు. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కకు విషంతో సమానం. పండుగ రోజు మిగిలిన పలావు పెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఉడికిన కోడి ఎముకలు చీలికలై గొంతులో, పేగులలో గుచ్చుకుంటాయి. మనం వాడే మాత్రలు పశువైద్యుడు చెప్పకుండా వేయరాదు.

నీరు, నీడ: రోహిణి కార్తె ఎండలకు కుక్కలకు కూడా వడదెబ్బ తగులుతుంది. నీడలో కట్టి, గిన్నె నిండా మంచినీళ్ళు పెట్టండి.

పిడుదులు: చెవుల లోపల, వేళ్ళ మధ్య వారానికొకసారి చూడండి. ఇవి కుక్క రక్తం పీల్చడమే కాక జ్వరాలు కూడా తెస్తాయి.

నులిపురుగులు: పిల్లలకు చిన్నప్పటి నుండే, పెద్ద కుక్కలకు మూడు నెలలకొకసారి మందు వేయించండి. కుక్క మలంలోని పురుగుల గుడ్లు మట్టిలో కలుస్తాయి. ఆ మట్టిలో ఆడుకునే పిల్లలకు ఆ పురుగులు సోకవచ్చు.

టీకాలు: మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటేటా వేయించాలి. పశువుల ఆసుపత్రిలో అడగండి. ఏటా జూలై 6న జూనోసిస్ దినం సందర్భంగా పశుసంవర్ధక శాఖ వారు పెంపుడు కుక్కలకు ఉచితంగా ఈ టీకా వేస్తుంటారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ కుక్క కరిచిన ఒక తొమ్మిదేళ్ళ బాలుడికి మొదటిసారిగా రేబిస్ టీకా ఇప్పించి బ్రతికించాడు.

"మన కుక్కపిల్లే కదా!"

ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకోండి. ఏడేళ్ళ పిల్లవాడు కొత్తగా తెచ్చిన కుక్కపిల్లతో ఆడుతుంటే చేతి మీద పన్ను గీరుకుంది. కాస్త రక్తం వచ్చింది. అమ్మ తిడుతుందని వాడు చెప్పలేదు. చూసిన నాయనమ్మ, "మన కుక్కపిల్లే కదా, ఏం కాదులేరా" అని పసుపు అద్దింది. ఆమె ప్రేమలో లోపం లేదు. కానీ ఆ కుక్కపిల్లకు టీకా వేయించలేదు. దాని తల్లి ఏ వీధిదో, దానిని ఏ కుక్క కరిచిందో ఎవరికీ తెలియదు.

రేబిస్ క్రిమి కుక్క చొంగలో ఉంటుంది. గాయం నుండి నరాల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. దీనికి సాధారణంగా ఒకటి నుండి మూడు నెలలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. జబ్బు లక్షణాలు కనబడ్డాక బ్రతికించడం దాదాపు అసాధ్యం. అయితే లక్షణాలు రాకముందే సరైన చికిత్స పూర్తిగా తీసుకుంటే ఈ జబ్బు రాకుండా ఆపవచ్చు. మన చేతిలో ఉన్నది ఆ సమయమే.

కరిచిన వెంటనే ఏం చేయాలి?

1. కుళాయి కింద గాని, చెంబుతో పోస్తూ గాని, సబ్బుతో 15 నిమిషాలు గాయాన్ని కడగండి. గడియారం చూసి మరీ కడగండి.
2. కారం, సున్నం, ఆకు పసరు, కాఫీ పొడి ఏదీ పెట్టవద్దు. బిగించి కట్టు కట్టవద్దు.
3. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ఈ టీకా ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం.
4. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయంలోనే వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. డాక్టరు గారిని అడిగి తెలుసుకోండి.
5. ఇచ్చిన తేదీలన్నిటికీ వెళ్ళండి. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28 రోజులలో వేస్తారు. కండకు వేసే పద్ధతిలో 14వ రోజున కూడా ఉంటుంది. గాయం మానిందని మధ్యలో ఆపవద్దు.

కొన్ని అపోహలు

"బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారు." అది పాతకాలపు టీకా. ఇప్పుడు వాడకంలో లేదు. ఈనాటి టీకా చేతికే వేస్తారు.

"గర్భిణికి వేయకూడదు." వేయవచ్చు, తప్పక వేయాలి. పాలిచ్చే తల్లికి, పసిబిడ్డకు కూడా అంతే.

"పది రోజులు కుక్కను చూసి అప్పుడు వెళదాం." కుక్కను గమనించడం మంచిదే. కానీ దానికోసం చికిత్స ఆపరాదు. ముందు టీకా మొదలుపెట్టాలి. పది రోజుల తరువాత కూడా కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగతా మోతాదుల సంగతి డాక్టరు గారు చెబుతారు.

"కుక్క నాకితే పుండు మానుతుంది." మానదు. పుండు మీద చొంగ పడితే కాటుతో సమానంగా చూడాలి.

పిల్లలకు నేర్పవలసినవి

తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలున్న తల్లి కుక్కను కదిలించరాదు. కుక్క ఎదురైతే పరుగెత్తకుండా కదలక నిలబడాలి. అన్నిటికంటే ముఖ్యమైనది: కుక్క గీరినా, కరిచినా వెంటనే ఇంట్లో చెప్పాలి. చెప్పిన పిల్లవాడిని తిట్టకండి, కొట్టకండి. ఈరోజు తిడితే రేపు దాచిపెడతాడు.

ఆలోచించండి

1. మీ ఇంటి కుక్కకు రేబిస్ టీకా చివరిసారి ఎప్పుడు వేయించారు?
2. కుక్క గీరితే ముందుగా ఏం చేయాలో మీ పిల్లలు చెప్పగలరా?

ఈ రెంటికీ జవాబు తెలియకపోతే, ఇంటికి వెళ్ళిన రోజే తెలుసుకోండి. ఈ పుస్తకం చదవడం రాని పొరుగువారికి మీరే చదివి వినిపించండి.