చూపుకు ముందు చదువు

విహారయాత్రకు మూటాముల్లె సర్దుకుంటే చాలు. విజ్ఞానయాత్రకు మనసును కూడా సిద్ధం చేసుకోవాలి. పత్తి, మిరప చేలు పరచుకున్న గుంటూరు సీమ నుంచి ఒక కళాశాల విద్యార్థి బృందం కెల్టిక్ సంస్కృతిని పరిశీలించడానికి స్కాట్లండు వెళ్లదలచితే, ఆ సన్నాహం ఎక్కడ మొదలు కావాలి? కృష్ణాతీరంలోని అమరావతిలోనే మొదలు కావాలి.

క్రీస్తుకు పూర్వం మధ్య, పశ్చిమ ఐరోపా ఖండంలో నివసించిన ప్రాచీన జాతులలో కెల్టులు ముఖ్యులు. ఐరిష్, వెల్ష్, బ్రెటన్, గేలిక్ మొదలైనవి కెల్టిక్ భాషాకుటుంబానికి చెందినవి. స్కాట్లండు వాయవ్య తీరానికి ఆవల ఉన్న లూయిస్ దీవిలో నేటికీ గేలిక్ మాట్లాడేవారున్నారు. ఆ దీవిలోని స్టోర్నోవే పట్టణంలో పుట్టినవాడే కాలిన్ మెకంజీ.

1783లో భారతదేశానికి వచ్చిన ఈ సైనిక ఇంజనీరు 1797లో అమరావతి స్తూపాన్ని సందర్శించాడు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్టణం నిర్మిస్తున్న రోజులవి. స్తూపపు దిబ్బలోని ఇటుకలు, సున్నపురాతి పలకలు కట్టడాలకు తరలిపోతున్నాయి. 1816లో మెకంజీ తిరిగి వచ్చేసరికి స్తూపం చాలావరకు రూపుమాసిపోయింది. మిగిలిన శిల్పాలకు ఆయన బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని శిల్పాలు తరువాత నశించాయి. వాటి రూపం నేటివారికి తెలిసేది ఆ బొమ్మల వల్లనే.

మెకంజీకి ఈ దేశభాషలలో పాండిత్యం లేదు. ఆ లోటును తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. మెకంజీ సహాయకులు ఊరూరా కరణాలను, పెద్దలను అడిగి స్థానిక చరిత్రలను సేకరించారు. అవే కైఫియతులు. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే మరణించగా, లక్ష్మయ్య ఆ కార్యాన్ని కొనసాగించాడు. 1821లో మెకంజీ కన్నుమూశాడు. తరువాతి కాలంలో సి.పి. బ్రౌన్ శిథిలమవుతున్న కైఫియతులకు ప్రతులు రాయించాడు.

యాత్రకు సిద్ధమయ్యే విద్యార్థి గ్రహించవలసిన విషయాలు ఇందులోనే ఉన్నాయి. స్థలాన్ని గురించి ముందుగా చదవాలి. అక్కడి భాష తెలిసినవారి తోడు తీసుకోవాలి. కన్నదానిని, విన్నదానిని వేరువేరుగా రాసుకోవాలి. లూయిస్ దీవిలోని కాలనిష్ నిలువురాళ్లు సుమారు 5000 ఏళ్ల నాటివి. కెల్టిక్ సంస్కృతి కన్నా అవి ఎంతో ప్రాచీనమైనవి. ముందుగా చదవనివాడు వాటిని కెల్టుల నిర్మాణాలుగానే రాసుకొని తిరిగివస్తాడు. పొరపాటు రాత ఒకసారి పుస్తకానికెక్కితే దానిని తుడిచివేయడం కష్టం.

అందుకే దూరయాత్రకు తొలి అభ్యాసం సొంత ఊరిలోనే జరగాలి. ఊరి చెరువుకు ఆ పేరెలా వచ్చిందో, పొలంగట్టున ఒరిగిన శాసనం ఏ కాలానిదో పెద్దలను అడిగి రాసుకోవాలి. చెప్పగలిగిన పెద్దలు ఎల్లకాలం ఉండరు. ఒరిగిన రాయి ఎప్పుడు ఏ పునాదిలో కలిసిపోతుందో తెలియదు. అమరావతిలో జరిగినది అదే. అడగడం, రాయడం ఇక్కడ అలవడిన విద్యార్థికి లూయిస్ దీవి కొత్త ప్రదేశమే గాని, అక్కడ చేయవలసిన పని కొత్తది కాదు.