మొజాంబిక్ దేశమందలి శస్త్రచికిత్స

ప్రేగు మెలిపడినవాని పొట్టను తెఱచి సరిచేయుట, అడ్డము తిరిగిన బిడ్డను సిజేరియనుచే తీయుట, విఱిగి చర్మమును చీల్చుకొని వచ్చిన ఎముకను కుదుర్చుట: ఈ మూడును మాత్రలతోను కషాయములతోను తీరునవి కావు. కత్తి కావలయును, అదియు వేళకు కావలయును. ఈ మూడును చేయగల ఆసుపత్రి ప్రతివానికిని రెండుగంటల ప్రయాణములో నుండవలెనని 2015లో లాన్సెట్ వైద్యపత్రిక యేర్పఱచిన సంఘము చెప్పినది. లోకములో 500 కోట్లమందికి తగిన శస్త్రచికిత్స అందుటలేదనియు అదే సంఘము లెక్కకట్టినది. ఇంత పెద్ద సంఖ్య మనస్సున కందదు గనుక ఒక్క దేశమును చూతము.

ఆఫ్రికా తూర్పుతీరమున మొజాంబిక్ కలదు. విద్యార్థులు పటములో చూడవచ్చును. అది 1975లో పోర్చుగీసువారి పాలననుండి విడివడెను. వైద్యులలో పెక్కురు పోర్చుగీసువా రగుటచే దేశమును విడిచిపోయిరి. 1977లో మొదలైన అంతర్యుద్ధము 1992 వఱకు సాగెను. ప్రసవము కష్టమైన తల్లిని, యుద్ధము నడుమ, దూరపు పట్టణమునకు చేర్చు టెట్లు?

1984లో ఆ ప్రభుత్వమువారు సాహసించి, అనుభవముగల నర్సులను వైద్యసహాయకులను ఎంచి, రెండేండ్లు రాజధానియైన మపుటోలోని పెద్దాసుపత్రియందును, ఒకయేడు మండలాసుపత్రియందును శిక్షణ నిప్పించి, ఆపరేషనులు చేయుటకు జిల్లాలకు పంపసాగిరి. వైద్యపట్టము లేనివారి చేతికి కత్తి నిత్తురా యని ఎవరికైనను భయము పుట్టును. మాకును పుట్టినది. అయితే 1996లో ప్రకటింపబడిన పరిశీలనలో వీరు చేసిన 958 సిజేరియనులను, నిపుణులు చేసిన 1,113 సిజేరియనులతో పోల్చగా, తల్లుల క్షేమములోను బిడ్డల క్షేమములోను భేదము కానరాలేదు. పైకుట్లు విడివడుటలో మాత్రము స్వల్పభేద ముండెను.

మాకు ఇంతకంటె ముఖ్యముగా తోచినది వేఱొకటి కలదు. జిల్లా ఆసుపత్రులకు నియమింపబడిన ఏడేండ్లకు చూడగా, వైద్యులలో ఒక్కరును అచ్చట మిగులలేదు. ఈ శిక్షితులలో నూటికి 88 మంది నిలిచియుండిరి. 2002లో జిల్లా ఆసుపత్రులలో జరిగిన పెద్ద ప్రసవశస్త్రచికిత్సలలో నూటికి 92 వీరి చేతిమీదుగానే జరిగినవి. పల్లెకు మనుష్యుని పంపుట వేఱు, నిలుపుట వేఱు. ఈ సంగతి ఉపాధ్యాయులకు ఒకరు చెప్పనక్కఱలేదు.

చేయివాటముగల మనుష్యుడొక్కడే చాలునని అనుకొనరాదు. మత్తునిచ్చువాడు, ప్రాణవాయువు, నిలువయుంచిన నెత్తురు, ఆవిరిలో శుద్ధిచేసిన పనిముట్లు, నడుమ ఆరిపోని దీపము, వీనిలో ఏది కొఱవడినను ఆపరేషను నిలిచిపోవును. మఱి ఖర్చో? ఏటేట 3 కోట్ల 30 లక్షలమంది శస్త్రచికిత్సకు సొమ్ము చెల్లించి దుర్భరమైన వ్యయమునకు లోనగుచున్నారని పైసంఘమే వ్రాసినది. గొడ్డును గోదను అమ్మి ప్రాణము దక్కించుకొన్న యిల్లు, తరువాత ఏమి తినును?

2015 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసభ, అత్యవసర శస్త్రచికిత్సయు మత్తువైద్యమును అందఱికిని అందవలసిన ఆరోగ్యసేవలో భాగములేయని తీర్మానించినది. పిమ్మట జాంబియా దేశము 2017 మొదలు 2021 వఱకు తన శస్త్రచికిత్సాప్రణాళికను సిద్ధపఱచుకొన్నది. ఇట్టి ప్రణాళిక చేతికి వచ్చినపుడు, ఎందఱికి శిక్షణ నిత్తురో తెలుపు పుటకు ముందుగా, జిల్లా ఆసుపత్రికి ప్రతియేట ఎంత సొమ్ము, ఎవరు ఇత్తురో తెలుపు పుటను వెదకవలెనని మా యభిప్రాయము.