ఎనిమిదో తరగతికే ఎన్జీవో ఎందుకు?

"సార్, మావాడు ఎనిమిదో తరగతి. ఇప్పట్నుంచే ప్రొఫైల్ కట్టాలంటున్నారు. ఎన్జీవో పెట్టించమంటారా, రీసెర్చ్ పేపర్ రాయించమంటారా?"

ఈమధ్య సలహా కోసం నా దగ్గరకొచ్చే తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. పిల్లాడు పక్కనే కూర్చుని కాళ్లు ఊపుతుంటాడు, వాడికేం ఇష్టమో అడిగేవాళ్లుండరు. ఒకప్పుడు ఐఐటీ ఫౌండేషన్ ఆరో తరగతిలో మొదలుపెట్టాలా, ఏడులోనా అని అడిగేవాళ్లు. ఇప్పుడు హైదరాబాద్‌లో కోకాపేట, నల్లగండ్ల వైపు మోజు మారింది. బీటెక్ తర్వాత ఎంఎస్ అంటే చిన్నచూపు, ఇంటర్ కాగానే హార్వర్డ్, ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్ అనాలి. మోజు మారిందే కానీ నమ్మకం అదే: తగిన వయసులో మొదలుపెట్టి, తగినచోట డబ్బు కడితే సీటు వచ్చి తీరుతుందని.

రాదు. 2024లో హార్వర్డ్‌కి 54 వేల మంది దరఖాస్తు చేస్తే పిలుపు అందింది 1,937 మందికి. అదే ఏడు ఎంఐటీకి 28 వేలకు పైగా దరఖాస్తులొస్తే 1,300 మందిని కూడా తీసుకోలేదు. ఎంఐటీ తీసుకున్నవాళ్లలో అమెరికా బయటి పిల్లలు దాదాపు పదింట ఒకరు. మనవాళ్లు పోటీ పడాల్సింది ఆ కాస్త జాగా కోసం, అదీ ప్రపంచం మొత్తంతో. జేఈఈలో ర్యాంకు ఉంటుంది, కటాఫ్ ఉంటుంది, సీటు ఎన్ని మార్కుల్లో పోయిందో తెలుస్తుంది. అక్కడ మెరిట్ లిస్టే లేదు. ఎస్ఏటీ పరీక్షలో 1,600కి 1,600 వచ్చినా కాదనొచ్చు, ఎందుకు కాదన్నారో చెప్పరు. వద్దనిపించుకున్నవాళ్లలో ఆ చదువు చక్కగా చదవగలిగినవాళ్లు వేలల్లో ఉంటారు. ఇలాంటి ఫలితాన్ని పదమూడేళ్ల పిల్లాడి జీవితధ్యేయంగా పెట్టడం నాకు నచ్చదు.

అర్హతల సంగతి నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు: తొమ్మిది నుంచి పన్నెండు దాకా మార్కులు, ఎస్ఏటీ (కరోనాలో సడలించిన ఎంఐటీ 2022లో, హార్వర్డ్ 2024లో మళ్లీ తప్పనిసరి అన్నాయి), ఇద్దరు టీచర్ల లేఖలు, చదివే కాలేజీ నుంచి ఒక లేఖ, వ్యాసాలు. ముందస్తు దరఖాస్తుకు నవంబరు 1, మామూలుగా అయితే జనవరి మొదట్లో గడువు.

ఇక ప్రొఫైల్ వ్యాపారం. చాలా విశ్వవిద్యాలయాలు వాడే కామన్ యాప్‌లో చదువు కాక ఇంకేం చేశావో రాయడానికి పది గళ్లుంటాయి. పది ఉన్నాయి కాబట్టి పదీ నింపాల్సిందేనని మనకు నూరిపోశారు. అందుకే పిల్లాడి పేరు మీద ఫౌండేషన్లు, అనాథాశ్రమంలో దుప్పట్లు పంచుతూ ఫొటోలు, ఫీజు కడితే చాలు వేసేసే పత్రికల్లో రీసెర్చ్ పేపర్లు. పేరున్న క్యాంపస్‌లో వేసవి కోర్సుకు లక్షలు పోసి పంపిస్తే అక్కడే సీటు ఖాయమని ఇంకో భ్రమ. డబ్బు కట్టినవాళ్లందరినీ చేర్చుకునే కోర్సు చేశామని రాస్తే, కట్టగల తాహతు ఉందని తెలుస్తుందంతే. ఏటా ఇలాంటివి వేలల్లో చదివేవాళ్లకు, హైస్కూలు పిల్లాడి పేరుతో వచ్చిన పేపరు ఎవరు రాసుంటారో ఊహించడం కష్టమా?

ఆ దరఖాస్తులోనే ఇంటి బాధ్యతలు, సంపాదన కోసం చేసే పని అనే వర్గాలు కూడా ఉన్నాయి. సాయంత్రాలు నాన్న కిరాణా కొట్లో కూర్చుని ఖాతాలు రాసే పిల్ల, మంచాన పడ్డ నాయనమ్మను చూసుకునే కుర్రాడు ఆ సంగతి అక్కడ నిక్షేపంగా రాసుకోవచ్చు. కానీ రాయరు. వాళ్లకేమో సిగ్గు, సలహా చెప్పేవాడికేమో అందులో పైసా మిగలదు. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకు ఒలింపియాడ్ దారి ఉంది. ఐఓక్యూఎమ్‌తో మొదలై ఇన్మో దాకా వెళ్లే ఆ మెట్లు ఎక్కడానికి ఖర్చు తక్కువ, కష్టం ఎక్కువ. దానికి విలువ ఉండేదీ అందుకే.

కన్సల్టెన్సీలు రెండు రకాలు. ఉచితంగా చేసిపెడతామనేవాళ్లకు కమిషన్ ఇచ్చేది మిమ్మల్ని చేర్చుకునే విశ్వవిద్యాలయం. కమిషన్ ఎక్కడ ఎక్కువో మీ పిల్లాడికి ఆ చదువే నప్పుతుంది! హార్వర్డ్, ఎంఐటీ లాంటివి ఏజెంట్లకు కమిషన్లు ఇవ్వవు కాబట్టి వీళ్ల దగ్గర ఆ పేర్లు గోడమీది పోస్టర్లలోనే ఉంటాయి. రెండోరకం వాళ్లు ఏళ్లకొద్దీ ప్యాకేజీ కట్టించుకుంటారు. వీళ్లలో నిజాయితీపరులు ఉన్నారు, వ్యాసం చదివి ఎక్కడ తేలిపోయిందో చెప్తారు. వ్యాసం వాళ్లే రాసిచ్చినా, "గ్యారంటీ" అనే మాట నోటినుంచి వచ్చినా లేచి వచ్చేయండి. అమెరికాలోనే పిల్లలను దొడ్డిదారిన పంపిన కుంభకోణం 2019లో బయటపడి పేరుమోసిన తల్లిదండ్రులు జైలుకెళ్లారు. దాన్ని నడిపిన కన్సల్టెంట్‌కు 2023లో మూడున్నరేళ్ల శిక్ష పడింది. 2024లో మన దేశపు కుర్రాడొకడు నకిలీ మార్కులతో, బతికున్న తండ్రికి మరణ ధ్రువపత్రం సృష్టించి మరీ పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ సంపాదించాడు. చదువు, వీసా రెండూ పోగొట్టుకుని ఇంటికొచ్చాడు.

నేను గంటసేపు మాట్లాడాలనుకునేది డబ్బు గురించి. తల్లిదండ్రులేమో ఆ మాట చివర్లో, లేచేటప్పుడు అడుగుతారు. హార్వర్డ్ లాంటి విశ్వవిద్యాలయాల్లో ఫీజు, వసతి, భోజనం కలిపి ఏడాదికి 85 వేల డాలర్లు దాటుతోంది. మన డబ్బుల్లో 70 లక్షలకు పైమాటే, నాలుగేళ్లకు మూడు కోట్ల దగ్గర. అయితే అందరూ అంత కట్టరు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, బ్రౌన్, ఆమ్హర్స్ట్ లాంటి కొన్ని మాత్రం విదేశీ విద్యార్థుల విషయంలోనూ ఇంటి స్తోమత చూడకుండానే సీటు నిర్ణయిస్తాయి. ఇచ్చాక ఎంత అవసరమో అంత సాయం చేస్తాయి. దీన్ని నీడ్ బ్లైండ్ అంటారు. స్టాన్‌ఫర్డ్, కొలంబియా, కార్నెల్, పెన్ వేరు. అక్కడ మీరు సాయం అడిగారన్న సంగతి సీటు నిర్ణయంలోనే లెక్కకొస్తుంది. అలాగని మొదట అడక్కుండా చేరి తర్వాత చూసుకుందామంటే, కొన్నిచోట్ల ఇక నాలుగేళ్లూ అడిగే హక్కుండదు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ లాంటి కాలిఫోర్నియా ప్రభుత్వ క్యాంపస్‌లయితే ఎస్ఏటీ చూడవు, విదేశీయులకు అవసరాన్ని బట్టి సాయమూ చేయవు. ఈ తేడా తెలియకుండా రాసుకున్న లిస్టు చిత్తుకాగితంతో సమానం.

మనవాళ్లు దెబ్బతినే ఇంకో చోటుంది. సాయం కోసం నింపే సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే పత్రం జీతంతో ఆగదు, ఆస్తులూ అడుగుతుంది. నెలకు లక్ష రూపాయల జీతగాడే కావచ్చు, శంకర్‌పల్లిలో అరెకరం, తుళ్లూరులో ప్లాటు ఉన్నాయనుకోండి. కాగితం మీద ఆయన ఆస్తిపరుడు. వచ్చే సాయం తగ్గొచ్చు. అవి దాచిపెట్టమని చెవిలో చెప్పే ఏజెంట్లున్నారు, వాళ్ల మాట వింటే చేతికొచ్చిన సీటు కూడా రద్దు కావచ్చు. ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి డిగ్రీ చదువుకు అప్పు చేయమని మాత్రం నేనెవరికీ చెప్పను, బతిమాలినా చెప్పను.

మన ఇంటర్ చదువుకూ ఆ దరఖాస్తుకూ పొసగదన్న సంగతి కూడా తెలియాలి. రెసిడెన్షియల్ క్యాంపస్‌లో తెల్లవారుజామున స్టడీ అవర్, వారం వారం పరీక్ష, చేతికి ఫోన్ దొరకదు. పిల్లాడు ఏం చదువుతాడో, ఏం ఆలోచిస్తాడో తెలిసిన లెక్చరర్ ఉంటేగా లేఖ రాయడానికి! చివరికి లేఖ పిల్లాడే రాసుకుని సంతకం పెట్టించుకుంటాడు. పైగా గడువులన్నీ నవంబరు, జనవరిల్లో ఉంటే, జేఈఈ మెయిన్ జనవరిలో. రెంటికీ తయారవమని పదిహేడేళ్ల పిల్లల్ని నెట్టకండి. ఏదో ఒకటి ఎంచుకోనివ్వండి, లేదా రెండూ వద్దననివ్వండి.

వద్దంటే బతుకు ఆగిపోతుందా? మైక్రోసాఫ్ట్‌కు సీఈవో అయిన సత్య నాదెళ్ల బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ నుంచి మణిపాల్‌కు, అక్కడినుంచి ఎంఎస్‌కు విస్కాన్సిన్-మిల్వాకీకి వెళ్లారు. ఈనాటి తల్లిదండ్రుల లిస్టులో ఆ రెంటికీ చోటుండదు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి మద్రాసు గిండీలో ఇంజినీరింగ్ చేసి, స్టాన్‌ఫర్డ్‌లో 1966లో పీహెచ్‌డీ పట్టా పుచ్చుకున్నారు, 1994లో కంప్యూటర్ రంగపు ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

నాకు నచ్చిన దారి కూడా అదే. డిగ్రీ ఇక్కడ, పరిశోధన అక్కడ. లెక్కలు, సైన్స్ ఇష్టపడే పిల్లలకు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఐఐఎస్సీ, తిరుపతి ఐసర్, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్, బీమ్యాథ్ చదివేవాళ్లకు ట్యూషన్ ఫీజు లేకపోగా స్టైపెండ్ ఇస్తారు. అక్కడ గట్టిగా చదివినవాళ్లకు అమెరికా పీహెచ్‌డీలో సాధారణంగా ఫీజు మాఫీ, చేతికి జీతం. 2025లో పరిశోధన నిధులకు కోత పడి కొన్నిచోట్ల పీహెచ్‌డీ సీట్లు తగ్గిన మాట వాస్తవమే. కానీ అక్కడ డిగ్రీకి వెళ్లేవాళ్లకూ భరోసా లేదు, అదే ఏడు మేలో అక్కడి ప్రభుత్వం హార్వర్డ్‌కి విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతినే రద్దు చేస్తే కోర్టు అడ్డుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఏ దారికీ పూచీ లేదు, అప్పు లేని దారిలో తట్టుకునే వీలుంటుంది.

ఇంత విన్నాక కూడా పిల్లలే వెళ్తామంటే, మీరు కాదు వాళ్లే అంటే, తప్పకుండా ప్రయత్నించనివ్వండి. ఇంట్లో ఏడాదికి ఎంత పెట్టగలరో ఆ అంకె పిల్లల ముందు పైకి చెప్పండి. ఒక్కో విశ్వవిద్యాలయం వెబ్‌సైట్లో విదేశీ విద్యార్థుల సాయం గురించిన పేజీ కూర్చుని చదవండి. లిస్టులో సగానికి పైగా తప్పక వచ్చే, మీరు కట్టగలిగే, పిల్లలు ఇష్టంగా చేరే కాలేజీలు పెట్టండి, ఇక్కడివి కూడా. ముందస్తు బైండింగ్ దరఖాస్తుకు సంతకం చేసే ముందు, సీటొస్తే చేరి తీరాలని తెలుసుకోండి. లేఖలు రాసే టీచర్లను ఆగస్టులోనే కలవండి. అక్టోబరు ఆఖర్లో వెళ్తే వాళ్లు రాయరు, సంతకం పెడతారు.