వేదిక లేనినాటి సాధన

నర్తనశాల చిత్రమున కీచకుడై ఎస్.వి. రంగారావు తెరమీదికి నడచివచ్చు క్షణమున, నోట మాట వెలువడకమునుపే, ఆ కొలువంతయు ఆయనదని మనకు తెలిసిపోవును. ఆ విగ్రహము, ఆ కంఠము, ఆ చూపులోని మదము పుట్టుకతో దక్కిన వరములని మనము నిశ్చయించుకొందుము. అట్లు నిశ్చయించుకొనుటలో ఒక సుఖమున్నది, ఏలయన వరము దక్కనివానికి శ్రమించు బాధ్యతయు తప్పిపోవును. తమ బ్రతుకును తీర్చిదిద్దుకొనగోరి నాతో మాటాడు యువకులలో పెక్కుమంది ఈ సుఖమునకు అలవాటుపడినవారే. అవకాశము రాలేదు, వచ్చినయెడల మేమేమిటో చూపియుందుమని వారందురు. ఆ అవకాశము రాని సంవత్సరములలో ఏమి చేయుచుంటిరని నేనడిగినచో బదులు రాదు.

రంగారావుగారి జీవితమున నన్ను పట్టి నిలిపినది ఆయన కీర్తి కాదు, కీర్తికి పూర్వమున్న ఆ కొన్ని సంవత్సరములు. 1918 జూలై 3వ తేదీన నూజివీడులో జన్మించి, బి.ఎస్సీ. పట్టము పుచ్చుకొని, అగ్నిమాపకశాఖలో అధికారియై బందరులోను విజయనగరములోను కొలువు చేసిన ఆయనకు బ్రతుకుతెరువునకు లోపము లేదు. అయినను మనసంతయు నాటకముమీదనే యుండెను. కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు అను సమాజముండెడిది. అంజలీదేవి, ఆదినారాయణరావు మున్నగువారు ఎదిగినది ఆ నీడనే. ఆ సమాజమున వేషములు కట్టుచు, షేక్స్‌పియరు పాత్రలను సాధన చేయుచు, రంగారావుగారు తమ కంఠమునకును దేహమునకును పని కల్పించుకొనిరి. పిమ్మట సినిమా పిలిచెను. ఉన్న కొలువు విడిచి, వరూధిని చిత్రమున ప్రవరుడై నాయకవేషమే ధరించిరి. ఆ చిత్రము జనాదరణ పొందలేదు. పొందకపోవుటచేత తలుపులన్నియు మూసికొనిపోయెను. ఆయన జంషెడ్‌పూరునకు పోయి టాటావారి సంస్థలో ఉద్యోగమున చేరిరి.

ఇక్కడ ఆగి నీవు ఆలోచింపవలెను, నాయనా. కొలువు పోయెను, పట్టణములు మారెను, చూచినవారు పెదవి విరిచిరి, భాషయే పరాయిదైన ఇనుప కర్మాగారముల ఊరిలో జీతమునకు కుదిరితివి. నీవైనచో ఏమి చేసియుందువు? సినిమాలోకమంతయు కుట్రయని తిట్టి, రాత్రి త్వరగా పండుకొని, పదేండ్లకు నీ పిల్లలతో 'నేనును ఒకప్పుడు నటుడనే' అని చెప్పుకొందువు. రంగారావుగారు అచ్చటి ఆంధ్రుల సంఘమువారు వేయు నాటకములలో వేషము కట్టిరి. సొంతగడ్డకు దూరమై తెలుగుమాట వినుటకు వచ్చిన కుటుంబములే ప్రేక్షకులు; దానివలన పేరు రాదు, డబ్బు రాదు, మదరాసులో ఏ నిర్మాతకును ఆ వార్త చేరదు. అయినను కంఠమునకు విరామమీయలేదు.

మరల పిలుపు వచ్చినప్పుడైనను దారి పూలబాట కాలేదు. బి.ఎ. సుబ్బారావుగారి పల్లెటూరి పిల్ల చిత్రమునకై బయలుదేరుచుండగా తండ్రి మరణించిరి. ఆ కర్మలు ముగించుకొని చేరునప్పటికి అనుకొన్న పాత్ర మరొకరికి పోయెను, చిన్న వేషము మిగిలెను. దానినే వేసిరి. ఆ 1950లోనే విజయావారి షావుకారులో సున్నం రంగడయ్యిరి. మరుసటి యేడు పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడయ్యిరి. ఆ మాంత్రికుని వంగిన భుజమును, తడబడక తొందరపడక సాగు ఆ నడకను ఎక్కడినుండి తెచ్చిరి? రంగస్థలమున తాము వేసిన షేక్స్‌పియరు షైలాకు పాత్రనుండి తెచ్చిరని అప్పటివారు చెప్పుదురు. చూచితివా! ఎన్నడో, ఏ చిన్న నాటకశాలలోనో, తన సంతోషముకొరకు అభ్యసించిన నడక, అంతకు ముందెన్నడు షేక్స్‌పియరు పేరైన వినని పల్లెజనము ముందు ప్రాణముతో లేచి నిలిచెను. పింగళి నాగేంద్రరావుగారు వ్రాసిన 'డింభకా' అను ఒక్క పిలుపు నేటికిని పిల్లల నోళ్ళలో నున్నదనిన, మాట బలముతోబాటు దానిని పలికిన గొంతు చేసిన వ్యాయామమును లెక్కింపవలదా?

ఇక నేను నమ్మిన అభ్యాసమును చెప్పెదను. ప్రతి ఉదయమున నిలుచుండి, గొంతెత్తి, తెలుగు పుస్తకమొకటి అరగంట చదువుము. ఇది విని నవ్వువారుందురు, నవ్వనిమ్ము. నా బాల్యమున మా యింట పిల్లలు గొంతెత్తరాదు. ఆ భయము నాతోడనే పెరిగెను. పెద్దవాడనై, నలుగురిలో లేచి నిలిచినంతనే గొంతు పూడుకొనెడిది, చెప్పవలసిన మాట తెలిసియు చెప్పలేక కూర్చుండెడివాడను, ఇంటికి వచ్చి అద్దము ముందు ఆ మాటనే చక్కగా చెప్పి కుమిలిపోయెడివాడను. ధైర్యమును గూర్చిన పుస్తకములు చదివితిని. మనసునకు ధైర్యము వచ్చినట్లుండెడిది, గొంతునకు రాలేదు. గొంతునకు గొంతుతోనే పని పెట్టవలెనని తెలిసినది రంగారావుగారి చిత్రములు మరల మరల చూచిన పిమ్మటనే. ఆయన కోపించినప్పుడు గొంతు పెంచుటకంటె దించుటయే యెక్కువ. గర్జింపగలవాడు గర్జింపక నిలుపుకొన్న ఆ బలమే మనలను భయపెట్టును.

చదువు విధమును కూడ చెప్పవలెను, ఏలయన ఊరక అరచుట సాధన కాదు. మన తెలుగు వాక్యమున క్రియ చివర నుండును. మనలో పదిమందికి తొమ్మండుగురు మొదట ఊపిరి వ్యర్థముచేసి, చివరికి వచ్చునప్పటికి ఆ క్రియనే మ్రింగివేయుదురు, వినువానికి ఎవడో తెలియును, ఏమి చేసెనో తెలియదు. కావున తొలి చదువున వాక్యము కడపటివరకు ఊపిరిని నిలుపుట యొక్కటే చూచుకొనుము. మలి చదువున ఒత్తులు, శషసలు, లకార ళకారములు స్పష్టముగా పలుకుము. మూడవమారు సగము గొంతుతో, పక్కగదికి వినబడనంత మెల్లగా, కాని ఒక్క అక్షరమును జారనీయక చదువుము. ఈ మూడవదే కష్టము, అందుచేత ఇదియే ఫలము. పద్యమైనచో రాగము తీయకుము, అర్థము విరుగుచోట మాత్రము విరుపుము. గట్టిగా చదివిన మాటలు మౌనముగా చదివినవానికంటె ఎక్కువ కాలము జ్ఞప్తియందుండునని మనశ్శాస్త్రజ్ఞులు పరిశోధించి చెప్పియున్నారు. మన వేదపాఠశాలలలోను వీధిబడులలోను ఇది అనుభవముననే తెలిసికొనిరి.

మిగిలిన హితవులు నీవెరిగినవే: వేకువన లేచుట, నడచుట, ఋణము చేయకుండుట, ఒప్పుకొన్న పనికి వేళకు పోవుట, వ్యర్థప్రసంగము చేయువారికి దూరముగా నుండుట. ఇవన్నియు మంచివే, చేయుము.

వ్యక్తిత్వమనగా ఒక్క ముద్రలో బిగిసిపోవుట యని కూడ భ్రమపడవలదు. బంగారుపాపలో బిడ్డను పెంచు కోటయ్యగా కన్నీరు తెప్పించిన ఆ మనిషియే మాయాబజారులో గద పట్టిన ఘటోత్కచుడు. 1957 నాటి ఆ చిత్రమున మాయాశశిరేఖయైన సావిత్రి తన సుకుమారదేహములో ఘటోత్కచుని ఠీవిని పలికించినప్పుడు, రంగారావుగారి చేష్టలు ఎంత స్పష్టముగా మలచబడినవో, వేరొకరు అందుకొనగలంతగా ఎట్లు నిలిచినవో కనబడును. 1963లో వచ్చిన నర్తనశాలలోని కీచకునకు మరుసటి యేడు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమనటుడను గౌరవము దక్కెను. అంతటితో కూర్చుండక చదరంగము, బాంధవ్యాలు చిత్రములకు దర్శకత్వము వహించి నంది బహుమతులు పొందిరి. 1974 జూలై 18న పరమపదించునప్పటికి ఆయన వయస్సు 56 ఏండ్లు మాత్రమే.

గొంతెత్తి చదువుటకు ఇంటిలో చోటు లేదు, ఇరుగుపొరుగు విందురు అని నీవందువేమో. మేడమీదికి పొమ్ము, చెరువుగట్టునకు పొమ్ము, పొలము గట్టున నిలువుము. తొలిదినములలో సిగ్గగును; నాకునైనది. నా గొంతు నేటికిని సభలో మొదటి వాక్యమున కొంచెము వణకును, రెండవ వాక్యమునకు నిలుచును. ఆ రెండవ వాక్యమువరకు ఓర్చుకొనుటయే నాకు ఈ అభ్యాసమిచ్చిన లాభము, అది చిన్నది కాదు. నీవు నీతిచంద్రికతో ఆరంభింపుము, ఆ వాక్యములు ఊపిరిని బాగుగా పరీక్షించును. అది దొరకనిచో కన్యాశుల్కము తీయుము, గిరీశము మాటలొక దినము, మధురవాణి మాటలొక దినము. అదియు లేనిచో ఇంటికి వచ్చు వార్తాపత్రికలోని సంపాదకీయమున్నది.