ఉద్యోగం మానేసి కాపీ రాద్దామనుకునేవారికి

ఈమధ్య నా దగ్గరికి సలహాకు వచ్చేవాళ్లలో పత్రికల్లో పనిచేసే సబ్‌ఎడిటర్లు, ప్రైవేటు స్కూలు టీచర్లు, మెడికల్ రెప్‌లు, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో టెస్టింగ్ చేసేవాళ్లు ఎక్కువ. ముప్పై దాటినవాళ్లు, ఇంటి లోను కడుతున్నవాళ్లు. అందరూ అడిగేది ఒకటే: "సార్, కాపీరైటింగ్‌లోకి రావచ్చా?" హైదరాబాదులో ప్రకటనల రాత మీదే బతికి, ఆ సంపాదనతోనే పిల్లల్ని చదివించుకున్నవాణ్ని. ఆ వృత్తి మీద ప్రేమ కొద్దీ వాళ్లకు చెప్పే మాటలే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. రాయడం ఇష్టమైతే చాలదు, అమ్మడం ఇష్టముండాలి

వచ్చినవాళ్లు చాలావరకు తాము రాసిన కథో కవితో చూపిస్తారు. చదివి సంతోషిస్తాను. అయితే ఈ పనిలో కలం పట్టే సమయం తక్కువ. వస్తువు ఎవరు కొంటున్నారు, కొననివాళ్లు ఎందుకు కొనడం లేదు, పక్క కంపెనీ సరుకులో లేనిది ఇందులో ఏముంది అని తెలుసుకోవడానికే ఎక్కువ పొద్దు పోతుంది. పేరున్న ప్రకటనల రచయిత డేవిడ్ ఒగిల్వీ 1958లో రోల్స్ రాయిస్ ప్రకటన రాసే ముందు మూడు వారాలు ఆ కారు గురించి చదువుతూ కూర్చున్నాడు. కారు వేగంగా పోతున్నా లోపల గడియారం చప్పుడే పెద్దగా వినబడుతుందన్న ఆ పేరుమోసిన శీర్షిక ఆయన ఊహలో పుట్టింది కాదు. కారును నడిపి చూసి ఒక మోటారు పత్రిక రాసినదాంట్లో దొరికింది. అంత సమాచారంలో ఆ ఒక్క మాటను గుర్తుపట్టడమే ఆయన గొప్పతనం.

రోజూ చేతికొచ్చే పని మాత్రం డీలర్లకు కరపత్రం, హోర్డింగు మీద ఐదు మాటలు, బ్యాంకు యాప్‌లో ఒక బటన్ మీద పేరు, ఆసుపత్రి బ్రోచరు. కింద మీ పేరుండదు. మీరు మురిసిపోయి రాసిన వాక్యాన్ని క్లయింటు మీ ఎదురుగానే కొట్టేస్తాడు. ఈ రెండూ భరించలేమనుకునేవాళ్లు రాకపోవడమే మంచిది.

2. పాత ఉద్యోగాన్ని దాచకండి

బయోడేటాలో పదేళ్ల ఉద్యోగాన్ని ఒక్క లైనులో ముగించి, ఆన్‌లైన్ కోర్సుల సర్టిఫికెట్లు పైన పెడుతున్నారు. దాన్ని తిరగరాయండి. ఒగిల్వీ పారిస్‌లో మెజెస్టిక్ హోటల్ వంటింట్లో పనిచేశాడు. స్కాట్లాండ్‌లో ఇంటింటికీ తిరిగి ఆగా పొయ్యిలు అమ్మాడు. గ్యాలప్ సంస్థలో జనాభిప్రాయ సర్వేలు చేశాడు. న్యూయార్క్‌లో 1948లో ప్రకటనల ఏజెన్సీ పెట్టేనాటికి ఆయనకు 37 ఏళ్లు. మన దేశపు ప్రకటనల రచయిత పీయూష్ పాండే రాజస్థాన్ తరఫున రంజీ ఆడాడు, కలకత్తాలో తేయాకు రుచి చూసే ఉద్యోగం చేశాడు, ఆ తర్వాత 1982లో ఒగిల్వీ ఏజెన్సీలో చేరాడు. చేరింది రాసే విభాగంలో కాదు, క్లయింట్ల వ్యవహారాలు చూసే విభాగంలో. ఆయన ఏజెన్సీ చేసిన ఫెవికాల్ ప్రకటనలో పైనా చుట్టూ జనం వేలాడే ఆ బస్సు, పల్లె దారులు ఎరిగినవాళ్లకే తడుతుంది.

మన దగ్గరి సంగతే చూడండి. విత్తన కంపెనీకి కరపత్రం రాయాలి. కొత్తగా వచ్చిన కుర్రవాడు "అధిక దిగుబడి" అని మొదలుపెడతాడు. వరంగల్ వైపు పత్తి రైతు ఆ మాట దగ్గర ఆగడు, ప్రతి ప్యాకెట్టు మీదా అదే ఉంటుంది. పోయినేడు ఎవరి చేలో వేశారు, అది నల్లరేగడా చల్కానా, ఎన్ని తడులిచ్చారు, గులాబీ రంగు పురుగు తగిలిందా లేదా అని అడుగుతాడు. విత్తనం తొలకరికి ముందే కొనేస్తాడు కాబట్టి జూలైలో వేసిన ప్రకటన డబ్బు దండగ. అప్పు ఇచ్చేది డీలరు కాబట్టి డీలరు మాట ఆయనకు వేదం. ఎరువుల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగినవాణ్ని నిద్రలేపి అడిగినా ఇవన్నీ చెబుతాడు. బంజారాహిల్స్ ఆఫీసులో కూర్చున్నవాడికి తెలిసే వీల్లేదు. అలాగే అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రులు ఫీజు సంగతి కాగానే బస్సు మా వీధికి వస్తుందా అని అడుగుతారని టీచరుకు తెలుసు. ఆపరేషన్ మాట వినగానే రోగి ఇంటివాళ్లు ఏది అడగడానికి జంకుతారో నర్సుకు తెలుసు. ఆ ఎరుకకే విలువ. అమ్మా, నాయనా, అది పారేసి చేతులూపుకుంటూ రావద్దు.

3. ఈ రాతను తక్కువగా చూసేవాళ్లు ఇందులో నిలవలేరు

సాహిత్యం మీద గౌరవమున్న కొందరు పొట్టకూటికోసం ఈ పని అంటారు. వాళ్లకు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి సంగతి చెబుతాను. ఆయన 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సభల్లో, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. నుదుటికి రాసుకుని హాయి తెలుసుకున్న మనిషికి ఇక వర్ణన అక్కర్లేదని ఆయన గ్రహించారు. ఆ వ్యాపారం అండతోనే 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది, 1914లో మద్రాసు నుంచి దినపత్రిక అయింది, 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. తెలుగు సాహిత్యానికి అంత సేవ చేసిన పత్రికల వెనక తలనొప్పి మందు అమ్మిన డబ్బుంది. వస్తువు మంచిదైతే దాని గురించి నలుగురికీ చెప్పడం గౌరవమైన పనే.

4. అనువాదంతో మొదలవుతారు, అక్కడే ఉండిపోకండి

తెలుగులో కొత్తగా వచ్చేవాళ్లకు మొదట దొరికేది అడాప్టేషన్ పని. ముంబయిలోనో బెంగళూరులోనో ఇంగ్లీషు కాపీ ఖాయమైపోతుంది, లేఅవుట్ అయిపోతుంది, షూటింగూ అయిపోతుంది. ఆ రాత్రి మీకు మెయిల్ వస్తుంది, పొద్దున్నకల్లా తెలుగు కావాలి. ఇంగ్లీషు అక్షరాల కోసం గీసిన గడిలో మన ఒత్తులు కింది లైనుకు తగులుతాయి. నటి పెదవులు హిందీ మాటకు కదిలి ఉంటాయి. ఫోనుకు పంపే సందేశాల్లోనూ ఇదే ఇబ్బంది. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే, తెలుగు లిపిలో పంపినప్పుడు 70 స్థానాలే ఉంటాయి. ఒత్తులు, గుణింతాలు విడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి "స్త్రీ" అని రాస్తేనే ఆరు స్థానాలు పోతాయి. గూగుల్ ప్రకటన శీర్షికకు 30 స్థానాలకు మించి ఇవ్వరు.

ఇంత ఇరుకులో ఇంగ్లీషు వాక్యం వెంట పడితే ఇంగ్లీషూ మిగలదు, తెలుగూ మిగలదు. అందుకే మొదటి రోజు నుంచీ "వాక్యంతోపాటు బ్రీఫ్ కూడా పంపండి" అని అడగడం అలవాటు చేసుకోండి. ఎవరికోసం, ఏం చెప్పాలని అనుకున్నారో తెలిస్తే మీ వాక్యం మీరు రాయగలరు. అడగ్గా అడగ్గా కొందరు పంపుతారు. పంపేవాళ్ల దగ్గరే ఉండండి. మాటకింత అని లెక్కగట్టి ఇచ్చేవాళ్ల దగ్గర ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు రాయడం మరిచిపోవడం చూశాను.

5. చెవితో సరిచూసుకోండి

వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు 1967 నవంబరు 1న మొదలయ్యాయి. దూరదర్శన్‌లో 1976 జనవరి 1న. మా తరం రాత నేర్చింది రేడియో దగ్గరే. 30 సెకన్ల స్పాట్‌లో తెలుగు మాటలు యాభై దాటితే చదివే గొంతు పరుగెత్తాల్సి వస్తుంది. రాసింది పైకి చదవండి. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ కత్తిరించండి.

6. అబద్ధం రాయమంటే లేచి వచ్చేయండి

ఈ విషయంలో నాకు రాజీ లేదు. షుగరు సమూలంగా తగ్గిస్తామనే ప్రకటనలు ఇప్పటికీ కనబడుతూనే ఉన్నాయి. 1954 నాటి మందులు, మాయచికిత్సల ప్రకటనల చట్టం కొన్ని జబ్బుల జాబితా ఇచ్చి, వాటిని నయం చేస్తామని ప్రకటించడమే నేరమంది. ఆ జాబితాలో మధుమేహం ఉంది. అలాంటి మాట నమ్మి ఇన్సులిన్ మానేసినవాళ్లను నేనెరుగుదును. ఆ మాట ఎవరో ఒకరు కూర్చుని రాసిందే.

హైదరాబాదులో మీకు తప్పక తగిలే రెండో పని రియల్ ఎస్టేట్. "ప్రీలాంచ్ ఆఫర్" కరపత్రం రాయమంటారు. రెరా చట్టం, 2016 పరిధిలోకి వచ్చే ప్రాజెక్టును రిజిస్టరు చేయకుండా ప్రకటించకూడదు, ప్రకటనలో రెరా నంబరు ఉండి తీరాలి. ప్రకటనలో తప్పుడు మాట నమ్మి నష్టపోయినవాడు పరిహారం అడగవచ్చు. కాబట్టి ముందు నంబరు అడగండి, అది రెరా వెబ్‌సైటులో ఉందో లేదో చూడండి, తర్వాతే రాయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ఆ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ఏజెన్సీలకూ వర్తిస్తాయి. వాటి ప్రకారం వాగ్దానం తెలుగులో చేస్తే షరతులు కూడా తెలుగులోనే ఉండాలి. షరతులు చిన్న అక్షరాల ఇంగ్లీషులో వేద్దామని ఎవరైనా అంటే ఈ నిబంధన చూపించండి.

అన్నం పెట్టే క్లయింటుకు కాదని చెప్పడం కష్టమే. చదివి నమ్మే మనిషి మన ఇంట్లోవాళ్లలాంటివాడేనని తలుచుకుంటే చెప్పగలరు.

7. డబ్బు సంగతి

ఏజెన్సీలో చేరితే మొదట్లో జీతం మీరు వదిలివచ్చిన జీతం కంటే తక్కువే ఉంటుంది. సొంతంగా చేస్తే బిల్లు పెట్టిన రెండు మూడు నెలలకు డబ్బు వస్తుంది. కాబట్టి ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన పెట్టుకోండి. సగం అడ్వాన్సు తీసుకోండి, మార్పులు ఎన్నిసార్లు చేస్తారో ముందే రాసివ్వండి. 10 శాతం టీడీఎస్ పట్టుకుంటే బెంగపడకండి, రిటర్ను వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం ఉండదు.

హక్కుల గురించి చాలామందికి తెలియని ముచ్చట ఒకటుంది. ఉద్యోగిగా రాసినది యజమానిది. స్వతంత్రంగా రాసిస్తే, రాతపూర్వకంగా బదిలీ చేసేదాకా కాపీరైటు మీదే. బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది. సంతకం పెట్టే ముందు ఆ పేరా చదవండి.

8. యంత్రం రాస్తోంది కదా అని అడుగుతున్నారు

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఈ ప్రశ్న అడగనివాళ్లు లేరు. ధైర్యం చెప్పడానికి అబద్ధమాడను. కేటలాగు వివరాలు, పండగ శుభాకాంక్షల పోస్టులు, మామూలు అనువాదాలు యంత్రం చేతికి పోతున్నాయి. కొత్తవాళ్లు పని నేర్చుకునేది వాటి మీదే కాబట్టి ప్రవేశం ఇప్పుడు కష్టమైంది. తెలుగు వచ్చు అన్న ఒక్క బలంతో వస్తే నిలవడం అనుమానమే. గుంటూరు మిర్చి యార్డులో రైతు తేమ గురించి ఎందుకు గొడవపడుతున్నాడో వెళ్లి కనుక్కుని రాసేవాళ్లకు మాత్రం పని ఉంటుందని నా నమ్మకం. రెండో పాఠం అంత పొడుగ్గా రాసింది అందుకే.

9. రాజీనామా ఆఖరున

పేరున్న బ్రాండ్లకు ఊహించి రాసిన ప్రకటనలతో పోర్ట్‌ఫోలియో నింపకండి, అలాంటివి ఇంటర్వ్యూ చేసేవాళ్లు రోజూ చూస్తారు. మీ వీధిలో నిజంగా కస్టమర్లు కావలసినవాళ్లున్నారు: ట్యూషన్ సెంటరు, పచ్చళ్ల వ్యాపారం చేసే ఇల్లాలు, కొత్తగా పెట్టిన డయాగ్నస్టిక్ ల్యాబ్. వాళ్లకు రాసివ్వండి. అది చూసి ఎవరైనా వచ్చారా, ఫోన్ చేశారా అని వారం తర్వాత వెళ్లి అడగండి. రాకపోతే ఎందుకు రాలేదో ఆలోచించి మళ్లీ రాయండి. ఎవరికోసం రాశారు, ఏం మార్చారు, ఏం జరిగింది అని ప్రతి పని పక్కనా నాలుగు వాక్యాలు రాసిపెట్టుకోండి. ఏజెన్సీలో కాపీ టెస్టు పెట్టినప్పుడు మీరు మాట్లాడటానికి అవే సరుకు.

ఇదంతా జీతం వస్తుండగానే, ఆదివారాల్లో చేయగలిగిన పని. ఈ ఆదివారం ఒక దుకాణం ముందు గంటసేపు నిలబడి, జనం ఏమడిగి కొంటున్నారో వినండి. ఆ గంట మీకు విసుగనిపించకపోతే తప్పకుండా రండి.