ఒంటి ఊపిరితిత్తి మీద

హుస్సేనీ ఆలం

బుజ్జీ,

నీకు ఛాతీ ఆపరేషన్ల థియేటర్‌లో మత్తిచ్చే పోస్టింగు పడిందని మీ అమ్మ చెప్పింది. పుస్తకం నువ్వెలాగూ చదువుతావు, అందుకని నాకు ముఖ్యమనిపించినవే రాస్తున్నాను.

మా ఇంటి నుంచి నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్. అక్కడి ఆస్పత్రిని నడిపిన ఎడ్వర్డ్ లారీ, ఆరో నిజాం అండతో 1888లో, మళ్ళీ 1889లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు జరిపించాడు. క్లోరోఫాం మత్తులో ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కాబట్టి మత్తిచ్చేవాళ్ళు ఊపిరినే కనిపెట్టుకుని ఉండాలని తేల్చారు. అందులో సగమే నిజం. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడు క్లోరోఫాం ఉన్నట్టుండి గుండెను ఆపగలదని 1911లో లెవీ అనే వైద్యుడు చూపించాడు. ఊపిరిని కనిపెట్టుకోవాలన్న సగం మాత్రం నీకు రోజూ పనికొస్తుంది, ఎందుకంటే నువ్వు ఒక ఊపిరితిత్తిని కావాలనే ఆపబోతున్నావు.

చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్లో, ఆ వైపు ఊపిరితిత్తి ముడుచుకుంటే తప్ప సర్జన్‌కు చోటుండదు. అందుకే ఒక్కో ఊపిరితిత్తికి విడిగా గాలి ఇచ్చే జంట గొట్టం, డబుల్ ల్యూమెన్ ట్యూబు. ఎక్కువగా ఎడమవైపుదే వాడతాం. కుడి శ్వాసనాళం పొట్టి, దాని పైలోబు కొమ్మ రెండు సెంటీమీటర్లలోపే విడిపోతుంది, ట్యూబు చివరి బుడగను (కఫ్) ఉబ్బిస్తే అది మూసుకుపోవచ్చు. ఎడమది దాదాపు అయిదు సెంటీమీటర్లు, కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదు.

స్టెతస్కోపుతో విని సరిపెట్టుకోకు. బ్రాంకోస్కోపు ట్రేకియా వైపు గొట్టంలోంచి దించు. ట్రేకియా రెండుగా చీలే చోటు, క్యారైనా, కత్తి అంచులా కనిపించాలి, దానికి ఎడమన నీలం కఫ్ పై అంచు కొంచెమే తొంగిచూడాలి. పూర్తిగా కనిపిస్తే ట్యూబు పైకి వచ్చేసినట్టు, అసలు కనిపించకపోతే బాగా లోపలికి పోయినట్టు. పేషెంటును పక్కకు తిప్పాక ఇదంతా మళ్ళీ చూడు. తల కదిలితే ట్యూబూ కదులుతుంది. విసుక్కునే సర్జన్లుంటారు, విసుక్కోనీ.

మా చదువు రోజుల్లో ఒంటి ఊపిరితిత్తికి కిలోకు పది మిల్లీలీటర్ల గాలి కొట్టమనేవారు. ఆ దెబ్బకు పనిచేసే ఊపిరితిత్తే దెబ్బతింటుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు నాలుగు నుంచి ఆరు చాలు, దానికి తోడు కాస్త పీప్, అంటే ఊపిరి వదిలాక కూడా లోపల నిలిపే పీడనం. ఆ కిలోలు కూడా ఎత్తును బట్టి లెక్కగట్టినవి, తూకంలో తేలే బరువు కాదు. కార్బన్ డయాక్సైడ్ కొద్దిగా పెరిగితే కంగారుపడకు.

శాచురేషన్ పడిపోతుంటే ఆక్సిజన్ వంద శాతం చెయ్, సర్జన్‌కు చెప్పు, వెంటనే బ్రాంకోస్కోపు అందుకో. కారణం చాలాసార్లు ట్యూబు స్థానమే, లేదా కఫం. గుండె కొట్టుకునే తీరూ, బీపీ కూడా చూసుకో. ట్యూబు సరిగ్గానే ఉంటే పనిచేసే ఊపిరితిత్తిని ఒకసారి నెమ్మదిగా తెరిచి పీప్ సరిచెయ్. ఆగి ఉన్నదానికి సీపాప్ (ఎడతెగని పీడనం) ఇవ్వొచ్చు గానీ, అది ఉబ్బి కెమెరాకు అడ్డొస్తుంది, అడక్కుండా పెట్టకు. మరీ పడిపోతే కాసేపు ఆపరేషన్ ఆపించి రెండింటికీ గాలి ఇవ్వు.

చీము పట్టిన ఛాతీ కేసు వస్తే ఆ ట్యూబు ఇంకో పని కూడా చేస్తుంది. అదేమిటో ఆలోచించి నాకు రాయి.

మీ మామయ్య